మా అమ్మకు యోగా నేర్పినామె

చచ్చిపోయిన మనిషి మీద ఎవరైనా కుళ్ళుకుంటారా? నేను కుళ్ళుకుంటాను. ఆమె పోయి ఇంకా నెల తిరగలేదు. మొన్న హబ్సిగూడ మెట్రో మెట్లు దిగుతుంటే నా ముందు ఒకమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది, పట్టీ తెగిందేమో. ఆ చెప్పులు చూడగానే ఆమె గుర్తొచ్చింది. గుర్తొచ్చీ రాగానే కడుపులో మంట మొదలైంది. మనిషి పోతే కోపతాపాలు చల్లారిపోతాయని అందరూ అంటారు. నాకు మాత్రం ఆమె బతికుండగా ఎంత మండేదో ఇప్పుడూ అంతే మండుతోంది.

పేరు రాయను. ఆమెనడిగితే రాయమనే అనేది. "నా పేరుకేమైంది అక్కా, మంచిగనే ఉంది గదా, రాయి" అని నవ్వేది. దాచుకోవాల్సింది ఏదీ లేని మనిషి. దాచుకునే అలవాటు నాది, అందుకని ఆమె పేరు కూడా నేనే దాస్తున్నాను.

మేము కలిసింది హబ్సిగూడలో, ఒక మందుల షాపు పైన ఉన్న యోగా సెంటర్లో. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ యోగా ఉండదు. ఒక కౌన్సెలర్ మేడమ్ ఆ హాలు అద్దెకు తీసుకుని మా లాంటి వాళ్ళను కూర్చోబెట్టేది. మా లాంటి వాళ్ళంటే, స్వాములో బాబాలో పాస్టర్లో ఎవరో ఒకరు భక్తి పేరు చెప్పి ఒంటి మీద చెయ్యి వేస్తే, ఆ సంగతి ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పుకోలేక మోస్తున్న పెద్దవాళ్ళు. పిల్లలున్నవాళ్ళు, జుట్టు నెరిసినవాళ్ళు కూడా ఉన్నారు. యోగా చాపలు పరుచుకుని గుండ్రంగా కూర్చునేవాళ్ళం. మాట్లాడాలనిపిస్తే మాట్లాడటం, లేకపోతే చాప అంచు గిల్లుకుంటూ కూర్చోవడం.

ఇంట్లో మాత్రం అందరిదీ ఒకే అబద్ధం, యోగా క్లాసుకి వెళ్తున్నామని. కింద బోర్డు కూడా అదే చెప్తోంది కాబట్టి ఎవరైనా వెంట వచ్చి చూసినా ఇబ్బంది లేదు. చిన్నప్పుడు చర్చిలో కీబోర్డు వాయించిన ఒకాయన ఉండేవాడు మాలో. "మా ఆవిడ నా పొట్ట చూసి, ఆ టీచర్ని మార్చండి, ఏం నేర్పడం లేదు అంటోందండీ" అని ఒకసారి అంటే, ఏడవడానికి వచ్చినవాళ్ళమంతా పడి పడి నవ్వాం.

ఆ అబద్ధం చెప్పంది ఆమె ఒక్కతే. నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. భర్త ఆ పక్కనే ఇంకో ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద చేస్తాడు. ఆదివారం డ్యూటీ పడితే లైన్ సూపర్‌వైజర్ దగ్గరికి పోయి, "సార్, నాకు మీటింగుంది, ఒక బాబాగాడు నన్ను ఆగం జేసిండు, దాని గురించి మాట్లాడే మీటింగు" అని చెప్పి సెలవు తెచ్చుకునేది. ఆ పెద్దమనిషి ఏమన్నాడని అడిగితే, "ఏమంటడు? దస్తీ తీసి మొకం తుడుసుకున్నడు" అంది.

మొదటి రోజు గుర్తుంది. చెప్పులు ఒక క్యారీబ్యాగులో వేసుకుని, ఆ సంచీ పట్టుకునే హాల్లోకి వచ్చింది. మేడమ్ నెమ్మదిగా, చెప్పులు బయట స్టాండులో పెట్టొచ్చమ్మా అంది.

"బయట ఇడ్వ మేడమ్. నా చెప్పులు నా పక్కన్నే ఉంటయి. కోపానికి రాకున్రి."

అని కూర్చుంది. సంచీ మోకాలి పక్కన పెట్టుకుంది. మాలో ఎవరికైనా నోరు విప్పడానికి వారాలు పట్టేది. నాకైతే ఆరునెలలు పట్టింది. ఆమె కూర్చుని కొంగు సర్దుకుని, నీళ్ళు తాగి, మొదలుపెట్టేసింది.

పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు కాలేదు. ఊరి దగ్గర ఒక బాబా ఉన్నాడని, తాయెత్తు కడితే కడుపు పండుతుందని అత్త తీసుకెళ్ళింది. చెప్పులు గుమ్మం బయట విడవమన్నారు. కోడలు ఒక్కతే లోపలికి రావాలన్నారు. "లోపల వాడు చేసేది చేసిండు. నేను ఎన్క దర్వాజల కెళ్ళి ఉరికిన. ముందట మా అత్త నా చెప్పులు సూసుకుంట కూసున్నది. చెప్పులున్నయి గాబట్టి కోడలు లోపల్నే ఉంది, పూజ అయితుంది అనుకున్నది పాపం."

కోడలు ఉత్తకాళ్ళతో బస్సు స్టేజీ దాకా పోయి కూర్చుంది. చీకటి పడే వేళకి అత్త వెతుక్కుంటూ వచ్చింది, రెండు చేతుల్లో రెండు చెప్పులు పట్టుకుని. కోడలి ముఖం చూసింది. కాళ్ళు చూసింది. ఏమైందని కూడా అడగకుండా చెప్పులు అక్కడే కిందపడేసి కోడల్ని పట్టుకుంది. మర్నాడు ఆ బాబా గుమ్మం ముందు నిలబడి ఊరంతా వినేలా తిట్టింది. కేసు పెట్టించింది. కేసు ఇంకా నడుస్తోంది.

"గంతే మేడమ్" అని ఆమె చెప్పడం ముగించి, సంచీలోంచి ఉడకబెట్టిన పల్లీల పొట్లం తీసి పక్కనున్న నాకు గుప్పెడు పెట్టింది. హాల్లో సగంమంది కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను పల్లీలు పట్టుకుని, లోపల కుతకుత ఉడుకుతున్నాను. ఆమెకి జరిగిన దానికి బాధపడాలి కదా, నాకు బాధ రాలేదు. చెప్పులు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చిన ఆ అత్త మీదే నా మనసంతా. అలాంటి మనిషి ఆమెకెందుకు దొరకాలి, నాకెందుకు దొరకలేదు?

నా సంగతి చెప్పాలి. మా నాన్న హబ్సిగూడలో సైంటిస్టుగా చేసేవారు. అమ్మానాన్నలిద్దరూ ఒక స్వామీజీకి భక్తులు. డిగ్రీ అయిన వేసవిలో నన్ను ఆశ్రమంలో సేవకి పెట్టారు. అమ్మ కూడా వచ్చి ఉండేది. అమ్మ హాల్లో భజనలో కూర్చుంటే, ఆయన ఉపదేశమని నన్ను లోపలికి పిలిచేవారు. ఇంతకన్నా రాయను. నాన్న పోయారు. నాకు పెళ్ళి వద్దని ఎందుకన్నానో ఆయనకి తెలియకుండానే పోయారు. ఉప్పల్లో ఆయన కట్టించిన ఇంట్లో నేనూ అమ్మా ఉంటాం. నేను కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తాను. హాల్లో ఆ స్వామీజీ ఫొటో ఉంటుంది. అమ్మ రోజూ దానికి పువ్వు పెడుతుంది. నాకూ అమ్మకూ మధ్య ఆ వేసవి నుంచీ కూరల మాటలు, కరెంటు బిల్లు మాటలు తప్ప మరో మాట లేదు.

అమ్మకి చెప్పాలి. చెప్తే నమ్మాలి. ఇరవై ఏళ్ళుగా నా ప్రాణం ఆ రెండింటి మీదే వేలాడుతోంది. చెప్పి, అమ్మ నమ్మకపోతే, నాకు ఉన్న ఒక్క మనిషీ ఉండదు.

మొదటిసారి నేను నోరు తెరిచిన రోజు, "స్వామీజీ నన్ను పిలిపించారు, వారు అన్నారు..." అని చెప్పుకుపోతున్నాను. పల్లీలు ఒలుస్తూ ఆమె మధ్యలో ఆపింది.

"పిలిపించారు ఏంది అక్కా? పిలిపించిండు అను. వాడేమన్న కలెక్టరా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో "వాడు" అనడానికి ప్రయత్నించాను. నోరు తిరగలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా చూడండి, ఆయన అనే వస్తోంది. ఆ నోరు ఆమెకి ఉండటమేమిటి, అంత తేలిగ్గా, కూర రుచి చెప్పినట్టు వాడు వీడు అనేయడమేమిటి అని ఆ రాత్రంతా ఒళ్ళు మండిపోయింది.

ఇంకొకటి ఉంది. అది మరీ ఓర్వలేకపోయాను. బోనాల పండక్కి మా మీటింగుకి నుదుటి నిండా కుంకుమ, మెడకి పసుపు పూసుకుని వచ్చింది. బోనం ఎత్తుకుందట, పోతరాజు వెంట ఆడిందట, కాళ్ళు లాగుతున్నాయట. ఆ ముఖం చూస్తే పెళ్ళింట్లోంచి లేచి వచ్చినట్టుంది. మాలో ఎవరో అడిగారు, అదంతా అయ్యాక కూడా నీకు దేవుడి మీద నమ్మకం ఎలా ఉంది అని.

"అమ్మవారు నాకేం జేసింది? జేసింది వాడు. దేవునితోని నాకేం పంచాయితీ లేదు" అంది, అదొక ప్రశ్నా అన్నట్టు చూసి.

నేను ఇరవై ఏళ్ళుగా దీపం వెలిగించలేదు. కర్పూరం వాసన వస్తే వాంతి అవుతుంది. అమ్మ హారతి ఇచ్చే వేళకి ఏదో పని పెట్టుకుని వీధిలోకి పోతాను. చిన్నప్పుడు నాకు కృష్ణుడంటే ప్రాణం, ఆ కృష్ణుడు కూడా ఆ గదిలోనే పోయాడు. ఆమె దేవత మాత్రం చెక్కు చెదరకుండా ఆమెకే మిగిలింది. మాకిద్దరికీ జరిగింది ఒకటే కదా, పంపకంలో ఇంత తేడా ఏమిటి?

ఒక ఆదివారం మీటింగు మధ్యలో నాకు కళ్ళు తిరిగాయి. ఆమే ఆటో మాట్లాడి ఉప్పల్ తీసుకొచ్చింది. అమ్మ గేటు దగ్గరే ఉంది.

"ఎవరే ఈవిడ?"

"మా యోగా టీచరు" అన్నాను. ఇంకేమీ తోచలేదు.

ఆమె నావైపు ఒక్క చూపు చూసింది. ఏమీ అనకుండా చెప్పుల సంచీతో సహా లోపలికొచ్చి కూర్చుంది. అమ్మకి ఆ సంచీ వింతగా తోచలేదు, యోగా వాళ్ళ పద్ధతేమో అనుకుంది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, వెంటనే మోకాళ్ళ సంగతి ఎత్తుకుంది. మెట్టు ఎక్కలేను, కూర్చుంటే లేవలేను, ఏదైనా ఆసనం చెప్పమ్మా అని.

ఇప్పుడేం చేస్తుందా అని చూస్తున్నాను. ఆమె తాపీగా, "కుర్చీల కూసొ పెద్దమ్మా. కాలు సక్కగ సాపు. ఆ... గట్లనే పట్టి ఉంచు, నేను చెప్పెదాంక దించకు" అంది. షిఫ్టు షిఫ్టంతా లైను దగ్గర నిలబడితే ఆమెకి మోకాళ్ళు పట్టేశాయట, కంపెనీ డాక్టరు చెప్పిన కసరత్తు అది. అమ్మ శ్రద్ధగా కాలు చాపింది.

"ఈ ఆసనం పేరేంటమ్మా?"

ఆమె నన్ను చూసింది. నేను గోడను చూశాను.

"కుర్చాసనం పెద్దమ్మా."

ఆ రోజు నుంచీ మా ఇంట్లో కుర్చాసనం మొదలైంది. ఆమె నాచారం నుంచి ఉప్పల్ కూరగాయల మార్కెట్టుకి వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేది. అమ్మ గోంగూర పచ్చడి కలిపి సీసాలో పెట్టి ఉంచేది, ఆమె సర్వపిండి తెచ్చేది. కాలు చాపుకుని కూర్చుని ఇద్దరూ కబుర్లు. మా అమ్మకి అన్ని కబుర్లు ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. గుంటూరు నుంచి కొత్తగా ఈ ఊరొచ్చినప్పుడు భాష అర్థంకాక కూరగాయలవాడితో పడిన పాట్లు చెప్పి, తనే నవ్వేది. "గట్లనా పెద్దమ్మా!" అని ఆమె నవ్వేది. నేను లోపల పేపర్లు దిద్దుకుంటూ వినేదాన్ని. నేను గదిలోంచి బయటికి వస్తే నవ్వు ఆగేది. అమ్మ, "నీకు అన్నం పెట్టనా?" అనేది. మళ్ళీ కూర మాట.

ఫోన్లు కూడా మొదలయ్యాయి. నా ఫోన్ మోగితే ఆమే అని అమ్మకి ఎలా తెలిసేదో, వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసేది. నా స్నేహితురాలు, నా అబద్ధం, నా అమ్మ. మూడూ కలిసి నన్ను బయట నిలబెట్టాయి.

గురుపూర్ణిమ ముందు ఒకరోజు అమ్మ అంది, "మా స్వామీజీ దర్శనానికి ఈసారి నువ్వూ రామ్మా. మంచి జరుగుతుంది. పిల్లలు లేరన్నావుగా."

నేను వంటింటి గుమ్మంలో టీ కప్పులు పట్టుకుని ఉన్నాను.

"నాకు సాముల జోలి ఒద్దు పెద్దమ్మా. ఒకసారి పొయ్యిన. సాలు."

"ఏమైందమ్మా?"

ఆమె చెప్పింది. హాల్లో చెప్పినట్టే, అంత సూటిగా, అత్త సంగతి, చెప్పుల సంగతి, అంతా. మా అమ్మ చాపిన కాలు దించేసింది. లేచి ఆమె పక్కన కూర్చుంది. ఆమె తల ఒడిలోకి లాక్కుని, కొంగుతో ముఖం తుడిచింది. ఏడుస్తున్నది ఆమె కాదు, అమ్మ. "వాడి చేతులు పడిపోను, వాడి నోట్లో దుమ్ము కొట్ట" అని మా అమ్మ తిట్టింది. జన్మలో ఒకరిని 'ఒరే' అనని మనిషి. "నీ తప్పేం లేదు తల్లీ. నీ తప్పు ఇంతైనా లేదు."

ఆ మాట నాది. ఇరవై ఏళ్ళుగా నేను ఎదురుచూస్తున్న మాట అది. నా కళ్ళముందే, నన్ను దాటుకుని, ఇంకెవరికో వెళ్ళిపోయింది. చేతిలో కప్పులు ఆమె మొహాన కొట్టాలనిపించింది. నిజం, కొట్టాలనిపించింది.

కాసేపటికి అమ్మ ముక్కు తుడుచుకుని అంది, "అందరూ అలాంటివాళ్ళు కాదమ్మా. మా స్వామీజీ దేవుడు. మా పిల్లని సొంత కూతుర్లా చూశారు. ఏమే?"

"టీ చల్లారిపోతోంది" అన్నాను.

గేటు దాకా వెళ్ళి ఆమెను పట్టుకున్నాను. మా అమ్మ దగ్గర నీ ఏడుపు ఎందుకు పెట్టావని అడిగాను. నీకు మీ అత్త ఉంది కదా, చాలదా అని కూడా అన్నాను. ఆమె సంచీలోంచి చెప్పులు తీసి వేసుకుంటూ, "నాది నేను చెప్పిన అక్కా. నీది చెప్పలే గదా" అంది.

"నాది కూడా నువ్వే చెప్పేస్తే పోయేది" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆమె నిలబడిపోయింది. "నేను చెప్తె మీ అమ్మ నా మొకం సూస్తది. నీ మొకం సూసుకుంట వినాలె ఆమె. నువ్వే చెప్పాలె."

"నీకున్న ధైర్యం నాకు లేదు."

"నాకేడుండె ధైర్యం? మా అత్త ఉరికొచ్చింది గాబట్టి నోరు లేసింది. నీ కాడికి ఎవ్వరు రాలే. గంతే ఫరక్." నా భుజం మీద చెయ్యి వేసింది. "జర తిను. సన్నగైతున్నవ్."

జాలిలో కూడా ఆమెదే పైచెయ్యి. ఆమె తిట్టి ఉంటే బావుండేది. మరుసటి ఆదివారం ఏమీ జరగనట్టు వచ్చి, నా పక్కనే కూర్చుని, పల్లీల పొట్లం మధ్యలో పెట్టింది. నేను తీసుకోలేదు. సగం మీటింగు అయ్యాక తీసుకున్నాను.

వానలు పడ్డాక నాచారంలో ఇంటింటా జ్వరాలు. ఆమెకి డెంగీ అన్నారు. దవాఖానాలో చేరిందని తెలిసి వెళ్దామనుకుంటుండగానే ఆమె ఫోన్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే వాళ్ళ అత్త. "బిడ్డా, మా కోడలు లేదు బిడ్డా. ఫోన్ల మీటింగు అక్క అని ఉంది, నువ్వే గదా?"

అమ్మకి చెప్పలేదు. చెప్తే తనూ వస్తానంటుంది. అక్కడ అందరికీ మా మీటింగు ఏ మీటింగో తెలుసు. అమ్మని అక్కడికి తీసుకెళ్ళడమంటే నా సంగతి వీధిలో బయటపడటమే. కోచింగ్ సెంటర్లో పరీక్ష ఉందని చెప్పి బయల్దేరాను.

ఫ్యాక్టరీ గోడ వెనక సందు. టెంటు వేశారు. కంపెనీ యూనిఫాంలోనే వచ్చినవాళ్ళు, ఆ సందులో ఆడవాళ్ళు, కీబోర్డు అన్న, మేడమ్, మా చాపల మీద కూర్చునేవాళ్ళంతా ఉన్నారు. అత్త తల దగ్గర కూర్చుని రాగం తీసి ఏడుస్తోంది. అక్కడి పెద్దవాళ్ళు ఏడిస్తే పోయిన మనిషి బతుకంతా ఆ ఏడుపులోనే చెప్తారు.

"నిన్ను నేనే తీస్కపోతి బిడ్డా... ఆ దొంగ బాబా గుమ్మం కాడ నేనే కూసుంటి బిడ్డా... కొడుకునిస్తడంటే నమ్మితి బిడ్డా... నా బుద్ధి మన్నుగాను బిడ్డా... ఎన్నడు ఒక్క మాట నన్ననకపోతివి బిడ్డా..."

సందంతా వింటోంది. ఎవరూ తల దించుకోలేదు. ఎవరూ ఎవరి చెవిలోనూ గుసగుసలాడలేదు. అందరికీ ఎప్పుడో తెలిసిన సంగతే. ఆ ముసలామె నన్ను చూసి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్ళతో, "మా కోడలి మీటింగు దోస్తు. దినాం ఈమె ముచ్చటే చెప్తుండె" అంది. మీటింగు అనగానే వాళ్ళకి నేనెవరో అర్థమైపోయింది. ఒక పెద్దామె జరిగి చోటిచ్చింది. ఇంకొకామె నా వీపు నిమిరింది. నా పేరు కూడా తెలియని ఆ ఆడవాళ్ళందరికీ నా గురించి మా అమ్మకి తెలియంది తెలుసు.

అక్కడ కూర్చుని నేను ఏం ఆలోచించానో చెప్తాను. నేను పోతే ఎలా ఉంటుందో ఆలోచించాను. కీబోర్డు అన్నా మేడమ్ గేటు దగ్గర నిలబడి, యోగా క్లాసులో పరిచయమండీ అని చెప్పుకోవాలి. మా అమ్మ నా తల దగ్గర కూర్చుని నా గురించి చెప్పుకుని ఏడవడానికి ఏమీ ఉండదు. మా పిల్ల ఎందుకో పెళ్ళి చేసుకోలేదు, ఎందుకో దేవుడికి దణ్ణం పెట్టలేదు, అంతే. నా ఏడుపు ఏడవడానికి కావలసింది నేనే ఇవ్వలేదు మా అమ్మకి. అద్దాల పెట్టెలో పడుకున్న ఆమెను చూశాను. చావులో కూడా నన్ను మించిపోయింది.

శవం లేచాక బయల్దేరాను. ఆటో ఇంటి ముందు ఆగింది. గేటు తీసి, ఆగిపోయాను. చావుకి వెళ్ళొచ్చి స్నానం చేయకుండా లోపలికి పోకూడదు. నాకు ఆ పట్టింపు లేదు, నేరుగా వెళ్ళిపోయి మంచం మీద పడుకోవచ్చు. కానీ అమ్మకి ఉంది. లోపల అమ్మ వంట చేసుకుంటోంది, ఆమె పూజ ఆమెకుంది. ఇంకో అబద్ధం ఆడొచ్చు గాని, ఆ మైలతో ఆమె ఇంట్లోకి అడుగు పెట్టడానికి నా కాలు రాలేదు. ఎందుకో గాని రాలేదు.

"అమ్మా, బయట కుళాయి దగ్గర బకెట్టు పెట్టు" అని కేకేశాను.

అమ్మ బకెట్టూ చెంబూ పట్టుకుని పరుగున వచ్చింది. బకెట్టంటే ఏమిటో చెప్పక్కర్లేదు కదా.

"ఎవరే? ఎవరు పోయారు?"

"యోగా అమ్మాయి."

అమ్మ కూలబడిపోయింది. ఏడుస్తూనే తిట్టడం మొదలుపెట్టింది. చివరి చూపు దక్కకుండా చేశావే, దాని చేతి పిండి తిన్నానే, నన్నెందుకు తీసుకెళ్ళలేదే, నేనేం పాపం చేశానే అని. నేను కుళాయి కింద బకెట్టు పెట్టి, చెంబు ముంచి నెత్తిన పోసుకున్నాను.

"అక్కడ అందరికీ తెలుసమ్మా. అందుకే."

"ఏం తెలుసు?"

"ఆమె యోగా టీచరు కాదు. ఆమె లాంటివాళ్ళమందరం ఆదివారం కలుస్తాం. అందులో నేనూ ఉన్నాను."

అమ్మకి అర్థం కాలేదు. తర్వాత కొంచెం కొంచెంగా అర్థమవడం నేను చూశాను. ఆమె చెప్పినట్టే, అమ్మ నా మొకమే చూస్తోంది.

"ఎవరు?" అంది. మా జీవితంలో ఉన్నది ఒక్క స్వామీజీయే. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"ఆయనే."

"నేను హాల్లోనే ఉన్నాను కదే. భజనలో."

"ఉన్నావు. నీ గొంతు వినబడేది."

అబద్ధం అంటుందని చూశాను. స్వామీజీని అంత మాటంటావా అంటుందని చూశాను. ఇన్నేళ్ళూ రకరకాలుగా ఊహించుకున్న తిట్లన్నిటికీ సిద్ధంగా, చెంబు పట్టుకుని నిలబడ్డాను. అమ్మ లేచి నిలబడింది.

"అయితే నా కంటే ముందు దానికి చెప్పావా?"

నేను చెంబు మళ్ళీ బకెట్లో ముంచాను.

"నీ కడుపులో మాట దానికి చెప్పావు. ఆ మీటింగులో ముక్కూమొహం తెలియనివాళ్ళకి చెప్పావు. నేనిక్కడ కాళ్ళు చాపుకుని కూర్చున్నాను, దాని ఒంటి మీద చెయ్యి వేసి ఏడ్చాను. నువ్వు గుమ్మంలో టీ పట్టుకుని నిలబడ్డావు. నాకు చెప్పలేదు."

అమ్మ ముఖంలో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. దాన్ని నేను ఎన్ని ఆదివారాలు మోసుకుని ఇంటికి తెచ్చుకున్నానో. ఇన్నేళ్ళకి నా గురించి ఒకరు కుళ్ళుకుంటున్నారు. పోయిన ఆ మనిషి మీద మా అమ్మ మండిపడుతోంది, నా మాట ముందు తనకి దక్కలేదని. నా మాట నిజం కాదని ఆమె అనుకుని ఉంటే, ఆ మంటెందుకు?

అమ్మ నా చేతిలోంచి చెంబు లాక్కుంది. మిగిలిన నీళ్ళు తనే నా తల మీద పోసింది. తర్వాత నన్ను కుళాయి గట్టు మీద కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చుంది.

"దానికి ఎలా చెప్పావో నాకూ అలాగే చెప్పు. ఒక్క ముక్క తగ్గించావంటే ఊరుకోను."

తడిబట్టలతోనే మొదలుపెట్టాను.